తలుపు జివ్వుమంటోందంటే ముందు ప్లగ్గు పీకండి

ప్రశ్న:

నమస్కారం సార్. మాది అనంతపురం. ఉద్యోగాల మీద వచ్చి బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా ఆయన ముచ్చటపడి ఈ ఏడాది మొదట్లో ఒక సెకండ్ హ్యాండ్ క్యాంపర్ వ్యాన్ కొన్నారు. ఫోర్స్ ట్రావెలర్ బండిని లోపల చిన్న ఇల్లులా కట్టించింది. పైనొకటి కిందొకటి మంచాలు, సింకు, 12 వోల్టుల ఫ్రిజ్, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీ, ఇన్వర్టర్, పైన సోలార్ ప్యానెల్, ఏసీ, 5 కేజీల గ్యాస్ సిలిండర్, చిన్న టాయిలెట్ అన్నీ ఉన్నాయి. వేసవి సెలవుల్లో ఊరికి వెళ్లొచ్చాం, బాగానే ఉంది. తర్వాత స్కూళ్లు తెరిచారు, బండి కదల్లేదు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోకి ఎత్తు సరిపోక బయట చెట్టు కింద పెడుతున్నాం.

వానలు మొదలయ్యాక లోపల బూజు వాసన. పై మంచం పక్కన ప్లైవుడ్ ఉబ్బింది. ఒక రాత్రి పడుకుని చూస్తే ఫ్రిజ్ తెల్లవారుజామున ఆగిపోయింది, లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. కుళాయి ఎవరూ తిప్పకపోయినా నీళ్ల మోటారు టకటకమని కొట్టుకుంటోంది. సింకులోంచి కంపు. ఒక మెకానిక్ బ్యాటరీ పోయిందన్నాడు. ఇంకొకరు రూఫ్ మొత్తానికి సిలికాన్ పట్టిస్తే సరిపోతుందన్నారు. మా ఆయనేమో బ్యాటరీ తీసేసి లిథియం వేయిద్దామంటారు. నేను అమ్మేద్దామంటున్నాను. పిల్లలు, మా అత్తగారు దసరాకు గండికోట వెళ్లాలని పట్టుబడుతున్నారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఇంకో మాట. ఇంట్లోంచి వైరు లాగి వ్యానుకు ప్లగ్గు పెడితే, తలుపు ముట్టుకున్నప్పుడు చిన్నగా జివ్వుమంటోంది. పిల్లలు దాన్ని ఆట చేసుకున్నారు.

– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు:

అమ్మా, అన్నిటికంటే ముందు రాయాల్సిన సంగతిని మీరు చిట్టచివర మాటవరసకన్నట్టు రాశారు. తలుపు జివ్వుమంటోందంటే ఆ ప్లగ్గు ఈరోజే పీకేయండి. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి సరేననే దాకా మళ్లీ పెట్టొద్దు. అది ఆట కాదని పిల్లలకు గట్టిగా చెప్పండి. పైకప్పు, ఫ్రిజ్, దసరా అన్నీ దీని తర్వాతే.

ఎందుకింత కంగారు పెడుతున్నానంటే, వ్యాన్ రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. ఇంట్లో గీజరులో కరెంటు లీకైతే ఎర్త్ వైరు దాన్ని భూమిలోకి లాగేస్తుంది. వ్యానుకు ఆ దారి మీరు లాగిన ఎక్స్‌టెన్షన్‌లోని మూడో తీగ ఒక్కటే. అది తెగినా, అసలు లేకపోయినా బాడీ రేకులన్నిటికీ కరెంటు ఎక్కి కూర్చుంటుంది. తడి నేల మీద నిలబడి తలుపు పట్టుకున్న మనిషే అప్పుడు ఎర్త్ వైరు అవుతాడు. బ్యాటరీ ఛార్జర్లలో ఉండే ఫిల్టర్ల వల్ల, ఎర్త్ లేనప్పుడు బాడీ మీద మీటరు పెడితే 100, 120 వోల్టులు కనిపించడం మామూలే. అందులో ప్రవహించే కరెంటు చాలా తక్కువ. మీకు తగులుతున్నది బహుశా ఇదే. కానీ ఏసీలోనో హీటరులోనో ఇన్సులేషన్ దెబ్బతిన్నా మొదట్లో చేతికి ఇలాగే తెలుస్తుంది. రెండింటికీ తేడా ముట్టుకుని చెప్పలేం, మీటరుతో చూడాల్సిందే.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు ముందు మీ ఇంటి సాకెట్టు చూడమనండి. ఫేజుకీ న్యూట్రలుకీ మధ్య 230 వోల్టులు వస్తే, ఫేజుకీ ఎర్తుకీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రలుకీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. తర్వాత ఎక్స్‌టెన్షన్ విప్పి చూడమనండి. మూడు పిన్నుల ప్లగ్గు ఉండి లోపల రెండు తీగలే ఉన్న వైర్లు బజార్లో బోలెడు. మీకు కావాల్సింది మూడు తీగల రాగి వైరు, 2.5 స్క్వేర్ ఎంఎం, 16 ఆంపియర్ల ప్లగ్గు. ఏసీ వేసేటప్పుడు వైరును చుట్టగానే వదిలేయకుండా పూర్తిగా పరచండి. చుట్టలో ఉంటే వేడి బయటికి పోక ప్లాస్టిక్ కరుగుతుంది. చివరగా, వ్యాన్‌లోకి కరెంటు వచ్చే చోట 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, ఉందో లేదో చూడమనండి. లేకపోతే వెంటనే పెట్టించండి. ఉంటే దాని మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి, టప్‌మని పడిపోవాలి. ఆర్‌సీసీబీ ఉంది కదా అని ఎర్త్‌ను వదిలేయకూడదు, రెండూ ఉండాలి. ఇవన్నీ బాగున్నా ఇంకా జివ్వుమంటుంటే, ఒక్కో పరికరాన్ని విడదీసి మెగ్గర్‌తో (ఇన్సులేషన్ బాగుందో లేదో చూపే మీటరు) చూడటమే మిగిలిన పని.

ఇక పైకప్పు. నన్నడిగితే క్యాంపర్ వ్యాన్‌ను చంపేది నీళ్లే. ఇంజను మొరాయిస్తే చప్పుడు చేస్తుంది, బ్యాటరీ పోతే లైటు ఆరిపోతుంది. కారే నీళ్లు మాత్రం ప్లైవుడ్ వెనక నెలల తరబడి కూర్చుని, మీకు కనబడేసరికి సగం పని కానిచ్చేసి ఉంటాయి. పైగా బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరే గట్టి వానల నెలలు. అందుకే బ్యాటరీ మీద రూపాయి పెట్టక ముందే కారుడు ఆపాలి.

రూఫ్ మొత్తానికి సిలికాన్ పట్టిస్తానన్న మనిషికి దండం పెట్టి పంపించేయండి. సిలికాన్ ఒకసారి ఆరిందంటే దాని మీద ఇంకేదీ అతుక్కోదు, రంగు కూడా నిలవదు. వచ్చే ఏడాది మళ్లీ కారితే అదంతా గీకితే తప్ప కొత్త పూత పట్టదు. అంతకంటే పెద్ద ఇబ్బంది, ఎక్కడ కారుతోందో తెలుసుకోకుండా పైన పూసేస్తే లోపలున్న తడి లోపలే ఉండిపోతుంది. నీళ్లు దిగే చోటు ఒకటి, కనబడే చోటు ఇంకొకటి. రూఫ్ ముందు భాగంలో దూరి, రేకు లోపలి పక్కటెముకల వెంట పాకి, మీ పై మంచం దగ్గర బయటపడవచ్చు.

మొదట ఖర్చు లేనివి చూడండి. ట్రావెలర్‌లో పక్కకు జరిపే అద్దాలుంటాయి కదా, ఆ అద్దం జారే గాడి అడుగున చిన్న రంధ్రాలుంటాయి. గాడిలో పడ్డ వాన నీళ్లు వాటిలోంచి బయటికి పోవాలి. చెట్టు కింద నిలబెట్టిన బండికి ఆకు పొడి, దుమ్ము కలిసి అవి మూసుకుపోతాయి. గాడి నిండి నీళ్లు లోపలికి పొంగుతాయి. సన్నటి తీగతో పొడిచి, చెంబెడు నీళ్లు పోసి బయటికి పోతున్నాయో లేదో చూడండి. చాలాసార్లు కథ ఇక్కడే ముగుస్తుంది. తర్వాత అద్దాల చుట్టూ ఉండే రబ్బరు బీడింగు. ఎండకు బిగుసుకుపోయి మూలల్లో పగిలి ఉంటే మార్చాల్సిందే. జేసీ రోడ్డులో పాత ముక్క చూపిస్తే మీటర్ల లెక్కన కోసిస్తారు.

ఇవి బాగున్నాయంటే పైకి ఎక్కాలి. అనుమానించాల్సినవి వరసగా చెప్తాను: సోలార్ ప్యానెల్ బిగించిన స్క్రూలు, దాని వైరు లోపలికి దిగిన రంధ్రం, గాలి కిటికీ అంచు, ఏసీ కింద ఉండే స్పాంజి గాస్కెట్. వ్యాన్ కట్టినవాళ్లు రేకుకు రంధ్రం చేసి, కోసిన అంచుకు ప్రైమర్ కూడా రాయకుండా స్క్రూ బిగించి ఉంటే, చుట్టూ తుప్పు పట్టి సీలు లేచిపోయి ఉంటుంది.

ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. లోపల పరుపులు తీసేసి బాగా ఆరనివ్వండి. అనుమానమున్న చోట్ల టిష్యూ పేపరు అంటించండి. ఒకరు లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయట నుంచి తోట పైపుతో నీళ్లు పెట్టాలి. కింది నుంచి పైకి వెళ్లండి. ముందు కిటికీ అడుగు, తర్వాత కిటికీ పైభాగం, ఆ తర్వాత రూఫ్ అంచు, చివరగా రూఫ్ మీదివి ఒక్కొక్కటి. ఒక్కో చోట పది నిమిషాలు ఆగండి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు కిందికంతా జారి ఎక్కడ దూరాయో తెలియదు. సర్వీస్ సెంటర్లో వాడే ప్రెషర్ గన్ వద్దు, అది బాగున్న సీలును కూడా చింపేస్తుంది. ఓపిక కావాలి గానీ సగం ఆదివారంలో తేలిపోయే పని.

చోటు దొరికాక పాత సీలెంట్ మొత్తం ప్లాస్టిక్ బద్దతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, తుప్పు ఉంటే రుద్ది ప్రైమర్ వేసి ఆరనివ్వాలి. గాలి కిటికీ లాంటి అంచులున్న వాటికి కింద బ్యుటైల్ టేపు (జిగురు రబ్బరు టేపు), పైన పాలీయురేథేన్ సీలెంట్. స్క్రూ తలల మీద కూడా అదే. వాన కురుస్తున్న వారంలో ఈ పని పెట్టుకోవద్దు. ఒక షెడ్డు దొరికే దాకా పైన టార్పాలిన్ కప్పండి, అయితే గాలాడేలా వదులుగా.

ఉబ్బిన ప్లైవుడ్‌ను స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఆరబెట్టుకుని వాడుకోవచ్చు. మెత్తగా దిగబడితే గట్టి చెక్క తగిలే దాకా కోసి తీసేయాలి. దాని మీద కొత్త సన్‌మైకా అంటిస్తామంటే ఒప్పుకోకండి, అది దాచడమే. కొత్త ముక్క వేయించేటప్పుడు ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీళ్లకు తట్టుకునే బీడబ్ల్యూపీ ప్లై అడగండి. ఐఎస్ 303 ఎంఆర్ రకం ఇంట్లో అలమారాలకు చాలు, తడి తగిలే చోటికి పనికిరాదు.

ఇక్కడ ఇంకో అనుమానం కూడా ఉంచుకోండి. వాసనంతా కారుడు వల్లే కాకపోవచ్చు. అయిదుగురు మూసిన రేకు డబ్బాలో పడుకుంటే ఊపిరి తడే తెల్లారేసరికి గోడల మీద నీటి బొట్లవుతుంది. పరుపు కింద చేయి పెట్టి చూడండి, అక్కడ చెమ్మగా ఉంటే ప్లైకి రంధ్రాలు పెట్టించి గాలాడనివ్వాలి. పడుకునేటప్పుడు పై గాలి కిటికీని రెండు వేళ్ల మందం తెరిచి ఉంచండి.

ఫ్రిజ్ సంగతికి వద్దాం. లైట్లు వెలుగుతున్నాయి, ఫ్రిజ్ ఆగిపోయింది అన్నారు. ఆ ఒక్క మాటలో చాలా సమాచారం ఉంది. బ్యాటరీ నిజంగా ఖాళీ అయితే లైట్లు కూడా మందగించాలి. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ తనకు అందే వోల్టేజీని తానే చూసుకుంటూ, ఒక మెట్టు కిందికి పడగానే ఆగిపోతుంది. ఆ మెట్టును చాలా ఫ్రిజ్‌లలో హై, మీడియం, లో అని మూడు రకాలుగా మార్చుకోవచ్చు. హై అనేది ఇంజను స్టార్ట్ చేసే బ్యాటరీని కాపాడటానికి పెట్టింది. మీకు వ్యాన్ లోపలి వాడకానికి బ్యాటరీ వేరుగా ఉంది కాబట్టి మీడియంలో పెట్టుకోవచ్చు. మీ ఫ్రిజ్ పుస్తకం చూసి ముందు ఇది సరిచేయండి, దీనికి ఖర్చు లేదు.

తర్వాత వైరు. మన దగ్గర వ్యాన్లు కట్టేవాళ్లలో చాలామంది ఇళ్ల వైరింగు నుంచి వచ్చినవాళ్లు. 230 వోల్టుల దగ్గర ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు. 12 వోల్టుల దగ్గర అదే ఒక వోల్టు పోతే ఫ్రిజ్ ఆగిపోతుంది. లెక్క చూడండి. బ్యాటరీ నుంచి ఫ్రిజ్ 5 మీటర్ల దూరంలో ఉందనుకుందాం, పోను రాను 10 మీటర్ల వైరు. 1.5 స్క్వేర్ ఎంఎం వైరు అయితే 5 ఆంపియర్ల దగ్గరే 0.6 వోల్టులు దారిలో పోతాయి. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ లాగుతుంది, అప్పుడు ఇంకా ఎక్కువ పోతుంది. బ్యాటరీ దగ్గర 12.1 ఉన్నా ఫ్రిజ్‌కు అందేది పదకొండున్నరే. అదే 6 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే పోయేది 0.15 వోల్టులే. సిగరెట్ లైటర్ సాకెట్టుకు గుచ్చే ప్లగ్గుతో ఫ్రిజ్ నడుపుతుంటే అది కూడా తీసేయించండి. అది కుదుపులకు వదులవుతుంది, వేడెక్కుతుంది.

కొన్ని వందల రూపాయలకు ఒక డిజిటల్ మల్టీమీటర్ కొనండి. ఎస్పీ రోడ్డులో అడుగడుగునా దొరుకుతాయి. ఫ్రిజ్ కంప్రెసర్ తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర ఒకసారి, ఫ్రిజ్ వెనక టెర్మినల్స్ దగ్గర ఒకసారి వోల్టేజీ చూసి రాసుకోండి. రెంటికీ తేడా అర వోల్టు దాటితే తప్పు వైరుది, ఫ్యూజు హోల్డరుది, లేదా వైరు కొసన తుప్పు పట్టిన లగ్గుది. బ్యాటరీది కాదు.

అలాగని మెకానిక్ మాట పూర్తిగా కొట్టిపారేయలేం. మీ ట్యూబులర్ లాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం ఖాళీగా నెలల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, మళ్లీ ఛార్జి తీసుకోదు. మీది చెట్టు కింద ఉంది. నీడలో సోలార్ ప్యానెల్ నామమాత్రమే. ఇన్వర్టర్ స్విచ్ ఆపకుండా వదిలేశారా? ఏమీ వాడకపోయినా ఒక ఆంపియర్ దాకా తాగే ఇన్వర్టర్లున్నాయి, ఒక ఆంపియర్ అంటే రోజుకు 24 ఏహెచ్. మీ బ్యాటరీ వారం కూడా ఆగదు. కాబట్టి పరీక్ష ఇలా చేయండి: డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసి, షాపులో ఇచ్చి పూర్తిగా ఛార్జి చేయించండి. ఒక రాత్రి ఏ వైరూ తగిలించకుండా వదిలేసి పొద్దున చూడండి. 12.6 వోల్టుల కంటే పైన ఉంటే ఆశ ఉంది. 12.2 చూపిస్తే సగమే నిలిచినట్టు. ఆ తర్వాత కరెంటు గట్టిగా లాగి చూసే లోడ్ టెస్ట్ చేయించండి. అక్కడ పడిపోతే మెకానిక్ చెప్పిందే నిజం.

బాగున్నా కూడా 150 ఏహెచ్‌లో మీరు వాడుకోవాల్సింది సగమే, 75. ఫ్రిజ్ రోజుకు 40 నుంచి 50 దాకా తింటుంది. మిగిలిన దాంట్లో లైట్లు, ఫ్యాన్లు, ఫోన్లు. ఏసీ ఆ బ్యాటరీ మీద నడవదు, ఎవరేం చెప్పినా నమ్మకండి. వెయ్యి వాట్లు లాగే దానికి ఈ బ్యాటరీలో ఉన్నది ఒక గంట కూడా రాదు. ఏసీ అంటే బయటి కరెంటు ఉన్న చోటే.

మీవారి లిథియం ఆలోచన చెడ్డదేమీ కాదు, తొందరదే చెడ్డది. సన్న వైరు అలాగే ఉంటే లిథియం పెట్టినా వోల్టేజీ దారిలో పోతూనే ఉంటుంది. పైగా పాత ఛార్జర్ దానికి సరిపోకపోవచ్చు. ఇంజను ఆల్టర్నేటర్ నుంచి నేరుగా రిలేతో కలిపితే లిథియం ఆకలిగా లాగి ఆల్టర్నేటర్‌ను కాల్చేసే ప్రమాదముంది, మధ్యలో ఆ లాగుడును అదుపులో ఉంచే డీసీ నుంచి డీసీ ఛార్జర్ పెట్టాలి. అంటే ఖర్చు ఒక్క బ్యాటరీతో ఆగదు. ఒకటి మాత్రం ఇప్పుడే చూడమనండి. ఆ ట్యూబులర్ బ్యాటరీ మంచం కింద మూసిన పెట్టెలో ఉందా? ఛార్జి అయ్యేటప్పుడు దాంట్లోంచి హైడ్రోజన్ వస్తుంది. పెట్టె పైభాగం నుంచి వ్యాన్ బయటికి గాలి గొట్టం లేకపోతే పిల్లల్ని ఆ మంచం మీద పడుకోబెట్టకండి.

నీళ్ల మోటారు టకటక చిన్న జబ్బే. పైపులో ఒత్తిడి తగ్గినప్పుడు అది తనంతట తాను ఆన్ అవుతుంది. కుళాయి తిప్పకుండా ఒత్తిడి తగ్గిందంటే ఎక్కడో బొట్టు బొట్టుగా కారుతోంది, లేదా మోటారులోని వాల్వులో చెత్త ఇరుక్కుని నీళ్లు వెనక్కి పోతున్నాయి. మోటారు ముందుండే చిన్న జాలీ విప్పి కడగండి. ప్రతి జాయింటు కింద పొడి టిష్యూ కాగితం పెట్టి గంట తర్వాత చూడండి. ఏది తడిస్తే అదే దొంగ. పడుకునే ముందు, బండి నడిపేటప్పుడు మోటారు స్విచ్ ఆపేయడం అలవాటు చేసుకోండి. గతుకుల్లో ఒక పైపు ఊడితే ట్యాంకు మొత్తాన్ని అదే లోపల పోసేస్తుంది.

సింకు కంపుకు కారణం సులువు. కింద వంపు గొట్టంలో నిలిచే నీళ్లే కింది ట్యాంకు వాసనను ఆపుతాయి. బండి వాడకపోతే ఆ నీళ్లు ఆవిరైపోతాయి. మురుగు ట్యాంకు ఖాళీ చేసి, సబ్బు నీళ్లతో కడిగి, సింకులో రెండు చెంబుల నీళ్లు పోయండి. మంచినీళ్ల ట్యాంకులో నెలలుగా ఉన్న నీళ్లు పారబోయండి. 60 లీటర్ల నీటికి 60 మిల్లీలీటర్ల చొప్పున వాసన కలపని మామూలు బ్లీచ్ ద్రావణం కలిపి, ప్రతి కుళాయిలోనూ ఆ వాసన వచ్చేదాకా తిప్పి, నాలుగు గంటలు వదిలేసి, వాసన పోయేదాకా కడగాలి. బెంగళూరు బోరు నీళ్లకు కుళాయిల మీద తెల్లగా పేరుకునే పొరకు నిమ్మ ఉప్పు వాడండి, కానీ ఆ రోజు బ్లీచ్ జోలికి పోవద్దు. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. టాయిలెట్ రబ్బరు సీలుకు సిలికాన్ గ్రీజు రాయండి, వాసెలిన్ రాస్తే రబ్బరు ఉబ్బుతుంది.

గ్యాస్ విషయంలో నేను మొండివాణ్ని. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. సిలిండర్ ఉన్న అరకు అడుగున బయటికి తెరిచిన రంధ్రం ఉండాలి, ఆ అర లోపలి గదితో కలవకూడదు. రబ్బరు ట్యూబు మీద ముద్రించిన సంవత్సరం చూసి, 5 ఏళ్లు దాటితే మార్చేయండి. కుదుపులకు జాయింట్లు వదులవుతాయి కాబట్టి ప్రయాణానికి ముందు సబ్బు నురగ రాసి చూడండి. బండి కదిలేటప్పుడు సిలిండర్ వాల్వు మూసేయాలి. మీ ప్రయాణాలు ఎక్కువగా కరెంటు దొరికే చోట్లకే అయితే, సిలిండర్ దింపేసి ఇండక్షన్ స్టవ్‌తో సరిపెట్టుకోండి.

ఇంతసేపూ ఇంటి గురించే మాట్లాడాం. దాని కింద ఒక డీజిల్ బండి ఉంది, అది కూడా నిలబడి పాడవుతుంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాట్లు ఎంత లోతుగా కనిపించినా ఆరేళ్లు దాటిన టైర్లతో, బరువున్న వ్యాన్‌ను హైవే ఎక్కించకండి. సెకండ్ హ్యాండ్ క్యాంపర్లలో టైర్లు అరిగి కాదు, ముసలివై పేలతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. నెలల తరబడి హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచితే పట్టుకుపోతుంది. సమతలంలో గేరులో పెట్టి చక్రాలకు అటూ ఇటూ దిమ్మలు వేయడం మేలు. డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదిలించండి. బానెట్ ఎత్తి ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడండి, బెంగళూరులో రోడ్డు పక్కన నిలిపిన బండ్లకు ఇది రోజువారీ బాధ. పదిహేను రోజులకోసారి ఇంజను కాసేపు ఆన్ చేసి ఆపేయడం మాత్రం వద్దు. బీఎస్ 6 బండి అయితే పొగ గొట్టంలోని ఫిల్టరుకు అది మరీ చేటు. తీసుకెళ్లి ఒక అరగంట మంచి రోడ్డు మీద నడపండి.

ఇంకో పని, దాదాపు ఎవరూ చేయరు. నీళ్లు నింపి, సామాను ఎక్కించి, అందరూ కూర్చుని ఒక వేబ్రిడ్జి మీద తూకం వేయించండి. 100 లీటర్ల నీళ్లంటే 100 కేజీలు. మంచాలు, ప్లైవుడ్, బ్యాటరీ, ఏసీ అన్నీ కలిపి ఆర్సీలో రాసిన బరువును దాటుతున్నాయేమో తెలుస్తుంది. ఆర్సీ చేతిలో ఉన్నప్పుడే బాడీ రకం ఏమని రాసుందో చూడండి. ఇంకా సీట్ల బండి అనే ఉంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అది అనుమతి లేని మార్పు అవుతుంది. ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ మొదట పట్టుకునేది కూడా ఆ కాగితాన్నే.

ఇదంతా ఒక్క మెకానిక్ చేయడు, చేస్తానన్నవాణ్ని నమ్మొద్దు. ఇంజను, బ్రేకులు మీ మామూలు గ్యారేజీకి. పైకప్పు, రేకు పని బస్సు బాడీలు కట్టేవాళ్లకు. కరెంటు పనికి నా సలహా, అంబులెన్సులకు వైరింగు చేసేవాళ్లను వెతకండి. 12 వోల్టులు, ఇన్వర్టర్, బయటి కరెంటు మూడూ ఒకే బండిలో కలిపి చేయడం వాళ్లకు రోజూ చేసే పని. ఏ వైరు ఎక్కడికి వెళ్తుందో ఒక కాగితం మీద గీయించుకుని ఫొటో తీసి పెట్టుకోండి.

అమ్మేద్దామన్న మీ మాట మీద: ఇప్పుడు వద్దు. ఉబ్బిన ప్లైవుడ్ చూసిన ఏ కొనుగోలుదారైనా మీరు ఊహించిన దాంట్లో సగం అడుగుతాడు. పైకప్పు, ఎర్త్ బాగుచేయించండి. ఆ తర్వాత కూడా నెలకోసారి కదిలించే తీరిక మీ ఇంట్లో ఎవరికీ లేదనిపిస్తే అప్పుడు అమ్మండి, నేను అడ్డు చెప్పను. వాడని క్యాంపర్ వ్యాన్ ప్రతి వానాకాలం మీ జేబులోంచి తింటూనే ఉంటుంది.

దసరాకు గండికోట? ముందు మీ వీధిలోనే ఒక రాత్రి అందరూ అందులో పడుకోండి, ఫ్రిజ్ నడుస్తుండగా, బయటి కరెంటు లేకుండా. తర్వాత ఒక శనివారం లేపాక్షి వెళ్లి రండి. హైదరాబాద్ హైవే మీద కొడికొండ చెక్‌పోస్టు దాకా వెళ్లి తిరగడమే, ఏదైనా తేడా వస్తే చీకటి పడేలోగా ఇల్లు చేరొచ్చు. తిరిగొచ్చాక టైర్లు, పైపులు, పైకప్పు మళ్లీ చూసుకోండి. ఈ రెండూ సాఫీగా జరిగితే కదిరి, పులివెందుల, ముద్దనూరు మీదుగా గండికోట దారి పట్టొచ్చు. జరగకపోతే పండక్కి వ్యాన్‌ను షెడ్డులో ఉంచి మామూలు కారులో వెళ్లి, అక్కడి టూరిజం హోటల్లో దిగండి. పెన్నా లోయ ఎలాగైనా కనిపిస్తుంది, మీ అత్తగారికి మంచం కూడా సుఖంగా ఉంటుంది.

మీవారిని బ్యాటరీ దగ్గర, ఫ్రిజ్ దగ్గర తీసిన రెండు రీడింగులూ, మధ్య దూరం ఎన్ని మీటర్లో, ఇప్పుడున్న వైరు మీద ఏ సైజు రాసుందో పంపమనండి. కొత్త వైరు ఎంత మందం, ఎంత ఫ్యూజు వేయించాలో లెక్కగట్టి రాస్తాను.